రెండు భాషల వెండి నాణెం

విరుదునగరం జిల్లాలో, రాజపాళయానికి దగ్గరగా, పడమటి కనుమల దిగువన మంసాపురం అనే ఊరు ఉన్నది. ఆ ఊరిలోను, చుట్టుపట్ల గ్రామాలలోను ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు అనేకం. అక్కడి పిల్లవాడు అమ్మ చెప్పిన సరుకులను తెలుగులో గుర్తు పెట్టుకొని, అంగడిలో వాటినే తమిళంలో అడుగుతాడు. అతని చేతిలోని నూరు రూపాయల నోటు మాత్రం రెండు భాషలనూ ఎరుగును. ఆ నోటు వెనుకవైపు ఒక పక్కగా పదిహేను భాషలలో దాని విలువ అచ్చువేసి ఉంటుంది. ఆ వరుసలో తమిళం కిందనే తెలుగు ఉన్నది. తమిళ వరుసలో మొదటి మాట నూఱు. తెలుగు వరుసలో మొదటి మాట నూరు. లిపులు వేరు, మాట ఒక్కటే.

డబ్బు మీద రెండు భాషలు వ్రాయడం నేటి ప్రభుత్వాలు కనిపెట్టిన పద్ధతి కాదు. సుమారు పద్దెనిమిది వందల యాభై సంవత్సరాల క్రితం దక్షిణాపథాన్ని ఏలిన శాతవాహన రాజులు ఒక వెండి నాణేన్ని ముద్రించారు. అది బొటనవేలి గోరంత ఉంటుంది. బరువు రెండు గ్రాములకు అటూ ఇటూ. దాని ఒక వైపు రాజు ముఖం, ప్రాకృత భాషలో అతని పేరు ఉన్నాయి. రెండవ వైపు కూడ అతని పేరే ఉన్నది, కాని అది ప్రాకృతం కాదు. అది ఏ భాషో పండితులు తెలుసుకొనడానికి చాలా కాలం పట్టింది. ఆ నాణెం మీది ముఖం ఎక్కడినుండి వచ్చిందో, మాట ఎక్కడినుండి వచ్చిందో తెలుసుకొంటే చిన్న వెండి బిళ్ళలో ఎన్ని దేశాలు ఇమిడి ఉన్నాయో తెలుస్తుంది.

రూపాయి అనే మాట సంస్కృతంలోని రూప్యం నుండి వచ్చింది. రూప్యమంటే వెండి. మన దేశపు తొలి నాణేలు వెండివే. వాటిని విద్ధాంక నాణేలు అంటారు. వెండిని పలుచని రేకుగా సాగగొట్టి ముక్కలుగా కత్తిరించేవారు. ఒక్కొక్క ముక్కను తూచి, ఎక్కువ తూగితే మూల కొంచెం నరికేవారు. అందుచేత వాటిలో గుండ్రనివి తక్కువ, మూలలు తెగినవి ఎక్కువ. ముప్పది రెండు గురిగింజల ఎత్తు సరిపోయిన తరువాత, ఒక్కొక్క గుర్తు చెక్కిన ముద్రికలను దాని మీద ఉంచి సుత్తితో కొట్టేవారు. సూర్యుడు, కొండ, చెట్టు, ఏనుగు మొదలైన గుర్తులు మామూలుగా ఐదు ఉంటాయి. అక్షరం ఒక్కటి కూడ ఉండదు. ఏ రాజు వేయించాడో, ఏ ఊరిలో వేయించాడో నాణెం చెప్పదు.

ఇట్టి నాణేలు ఆంధ్రదేశంలో అమరావతిలో ఒక్కచోటనే ఏడు వేలకు పైగా దొరికాయి. మంసాపురానికి ఉత్తరంగా, అవే పడమటి కనుమల పాదంలో ఉన్న బోడినాయకనూరులో 1,124 దొరికాయి. బోడినాయకనూరు నాణేల వెనుకవైపు చేపను పోలిన గుర్తు ఉన్నది. చేప పాండ్యుల చిహ్నం కాబట్టి అవి పాండ్య రాజ్యంలో వేసినవని పండితులు నిర్ణయించారు. వీటిని పరిశీలించినవారిలో గణితశాస్త్రవేత్త డి.డి. కోశాంబి ఒకరు. విద్ధాంక నాణేలను వేల సంఖ్యలో తూచి, చేతులు మారిన కొద్దీ వెండి ఎంత అరిగిందో లెక్కగట్టి, వాటి కాలక్రమం చెప్పవచ్చునని ఆయన చూపించారు. అక్షరం లేని నాణెంతో మాట్లాడించడానికి తక్కెడను వాడుకొన్న పండితుడాయన.

నాణెం మీద రాజు ముఖాన్ని, పేరును వేసే అలవాటు మన దేశానికి వాయవ్యం నుండి వచ్చింది. అలెగ్జాండరు తరువాత ఆ ప్రాంతాన్ని ఏలిన గ్రీకు రాజులు తమ వెండి నాణేల మీద తమ ముఖాలను చెక్కించారు. ఒక వైపు గ్రీకు అక్షరాలు వేసి, రెండవ వైపు ఆ దేశపు ప్రజలు చదువుకొనడానికి ప్రాకృతాన్ని ఖరోష్ఠీ లిపిలో వేశారు. ఈ ఏర్పాటు రెండు వేల సంవత్సరాల తరువాత ఇంకొకందుకు ఉపయోగపడింది. ఖరోష్ఠీ, బ్రాహ్మీ లిపులను చదవగలవారు ఎవరూ లేకుండా పోయిన కాలంలో, పండితులు ఈ రెండు భాషల నాణేలను ముందు పెట్టుకొన్నారు. గ్రీకులో రాజు పేరు చదివి, ఆ పేరే వెనుక ఉంటుందని ఊహించి, ఒక్కొక్క అక్షరాన్ని గుర్తించారు. 1837లో బ్రాహ్మీ లిపి రహస్యాన్ని పూర్తిగా విప్పిన జేమ్స్ ప్రిన్సెప్, ఖరోష్ఠీ అక్షరాలను కూడబలుక్కొన్నది ఇట్టి నాణేలతోనే.

గ్రీకుల వెండి నాణెం పేరు ద్రఖ్మ. మన దేశంలో అది ద్రమ్మము అయినది. ద్రమ్మము నుండి ఉత్తరాదివారి దామ్, దమ్డీ వచ్చాయి, దమ్డీ మన దమ్మిడీ అయినది. చేతిలో దమ్మిడీ లేదని వాపోయే మనిషి గ్రీకు మాట పలుకుతున్నానని అనుకోడు.

గ్రీకుల తరువాత పడమటి తీరాన్ని శక క్షత్రపులు ఏలారు. వారి కాలంనాటికి కూడ భృగుకచ్ఛం రేవులో, అంటే నేటి గుజరాతులోని భరూచ్‌లో, అపోలోడోటస్, మినాండరు అనే గ్రీకు రాజుల పాత ద్రఖ్మలు చెల్లుతూ ఉండేవని ఒక గ్రీకు నావికుడు వ్రాసిన పెరిప్లస్ అనే గ్రంథం చెబుతున్నది. మినాండరే బౌద్ధ గ్రంథాలలోని మిళిందుడు. వర్తకులు అలవాటుపడిన నాణేన్ని మార్చడం ఏ రాజుకూ లాభం కాదు. కాబట్టి క్షత్రప రాజు నహపాణుడు అదే పరిమాణంలో, అదే రీతిలో తన ముఖంతో వెండి నాణేలు వేయించాడు. వాటి మీద గ్రీకు, బ్రాహ్మీ, ఖరోష్ఠీ మూడు లిపులు ఉన్నాయి. గ్రీకు అక్షరాలతో వ్రాసింది కూడ ప్రాకృతమే. చెక్కిన పనివానికి గ్రీకు రాదు కాబోలు, చాలా నాణేల మీద ఆ అక్షరాలు గీతలుగా మిగిలాయి. గ్రీకు అక్షరం ఉంటే అది మంచి నాణెమని సంతలోని వర్తకులకు నమ్మకం, అందుచేత అక్షరాన్ని నిలిపారు. చదువుటకు కాదు.

ఈ నహపాణుని గౌతమీపుత్ర శాతకర్ణి యుద్ధంలో ఓడించాడు. ఆ విజయానికి సాక్ష్యం 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో బయటపడింది. అక్కడ పదమూడు వేలకు పైగా నహపాణుని వెండి నాణేలు ఒక్క చోట దొరికాయి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద శాతకర్ణి తన గుర్తులను తిరిగి కొట్టించాడు. ఒక వైపు మూడు వంపుల కొండ, రెండవ వైపు ఉజ్జయిని చిహ్నమనే నాలుగు వలయాల గుర్తు. ఓడిన రాజు ముక్కు మీద గెలిచిన రాజు కొండ నిలిచింది. కొత్తగా కరిగించి పోత పోసే ఖర్చు లేదు, రాజ్యం మారిన సంగతి మాత్రం ప్రతి సంతకూ చేరిపోయింది.

ఓడినవాని నాణెం మీద తన ముద్ర కొట్టడం, పొరుగువాని ముఖాన్ని తన నాణెం మీద దింపుకొనడం ఒక్క మన దేశపు సంగతి కాదు. శాతవాహనులకంటె నాలుగైదు వందల సంవత్సరాల ముందు మధ్యధరా సముద్ర తీరంలో ఇదే కథ జరిగింది. ఆఫ్రికా ఉత్తర తీరాన, నేటి ట్యునీషియాలో, కార్తేజ్ అనే మహానగరం ఉండేది. క్రీ.పూ. 814లో టైర్ నగరం నుండి వచ్చిన ఫినీషియన్లు దానిని కట్టారని ప్రతీతి. వారిని రోమనులు ప్యూనిక్ ప్రజలు అన్నారు. వారి భాషలో నగరం పేరు ఖర్త్ హదష్త్. ఆ మాటకు కొత్త ఊరు అని అర్థం. తెలుగుదేశంలో కొత్తూరు, తమిళదేశంలో పుదూరు ఎన్ని ఉన్నాయో లెక్క లేదు. సముద్రాల మీద అధికారం చేసిన కార్తేజ్ కూడ అట్టి కొత్తూరే.

కార్తేజ్ ప్రజలు పెద్ద వర్తకులు. అయినా నాలుగు వందల సంవత్సరాలపాటు వారు సొంత నాణెం వేయలేదు. క్రీ.పూ. ఐదవ శతాబ్దం చివర సిసిలీ ద్వీపంలో గ్రీకులతో యుద్ధాలు వచ్చినప్పుడే వారికి నాణెం అవసరమైనది. కార్తేజ్ సైన్యంలో కూలికి పోరాడే పరదేశపు సిపాయిలు ఎక్కువ. వారికి జీతం కావాలి, ఆ జీతం సిసిలీ అంగళ్ళలో చెల్లాలి. అక్కడ అందరికీ తెలిసిన నాణెం సిరక్యూస్ అనే గ్రీకు నగరానిది. దాని మీద ఒక దేవత ముఖం, జుట్టులో ధాన్యపు ఆకులు, చుట్టూ ఈదే డాల్ఫిన్లు ఉంటాయి. కార్తేజ్ పనివారు ఆ ముఖాన్నే చెక్కారు. వెనుకవైపు మాత్రం తమ గుర్రాన్ని, తాటి జాతికి చెందిన ఖర్జూరపు చెట్టును నిలిపారు. గ్రీకు భాషలో ఫోయినిక్స్ అంటే ఖర్జూరపు చెట్టు, ఫినీషియన్ మనిషి అనే రెండు అర్థాలూ ఉన్నాయి. చెట్టును చూచిన గ్రీకు వర్తకుడు నాణెం ఎవరిదో తన భాషలోనే తెలుసుకొనేవాడు. దాని కింద ప్యూనిక్ అక్షరాలలో ఖర్త్ హదష్త్ అనిగాని, మహనత్ అనిగాని ఉంటుంది. మహనత్ అంటే సైనిక శిబిరం. ముఖం పొరుగువారిది, మాట తమది.

క్రీ.పూ. 241లో రోముతో జరిగిన మొదటి యుద్ధంలో కార్తేజ్ ఓడింది. రోముకు కట్టవలసిన వెండి కట్టేసరికి సిపాయిల జీతానికి మిగలలేదు. సిపాయిలు తిరగబడ్డారు. లిబియా దేశపు రైతులు వారితో కలిశారు. ఆ తిరుగుబాటుదారులు కార్తేజ్ నాణేల మీదనే తమ ముద్రలు కొట్టి, గ్రీకు అక్షరాలతో లిబియనుల నాణెమని వ్రాసుకొన్నారు. జోగల్‌తంబిలో రాజు చేసిన పనిని అక్కడ జీతం అందని సిపాయిలు చేశారు.

తరువాత కార్తేజ్ సేనాని హమిల్కరు వంశంవారు స్పెయిను వెండి గనులను పట్టుకొని, అక్కడ ఏనుగు బొమ్మతో మేలిమి వెండి నాణేలు వేయించారు. వాటి మీది ముఖం మెల్కార్ట్ దేవునిదా, సేనానులదా అనే వాదం నేటికీ తెగలేదు. క్రీ.పూ. 146లో రోము సైన్యం కార్తేజ్‌ను నేలమట్టం చేసింది. నగరంలోని పుస్తకాలను రోమనులు ఆఫ్రికా రాజులకు పంచిపెట్టారు. మాగో అనే పండితుడు వ్యవసాయంపై వ్రాసిన ఇరవై ఎనిమిది సంపుటాలను మాత్రం లాటిన్‌లోకి అనువదింపజేశారు. నేడు ఆ మూలమూ లేదు, ఆ అనువాదమూ పూర్తిగా లేదు. ప్యూనిక్ భాషలో వ్రాసిన కావ్యంగాని, చరిత్రగాని ఒక్కటీ మనకు దక్కలేదు. ఆ భాషను శాసనాలు, సమాధి రాళ్ళు, వెండి నాణేలు మోసుకొచ్చాయి. 1758లో బార్తెలెమీ అనే ఫ్రెంచి పండితుడు ఫినీషియన్ లిపిని చదివాడు. అతనికి సహాయపడినది మాల్టా ద్వీపంలో దొరికిన రాతిస్తంభం. దాని మీద ఒకే సంగతి గ్రీకులోను, ఫినీషియన్‌లోను ఉన్నది.

ఇక మన నాణెం దగ్గరకు రావచ్చు. శాతవాహనులు ఆంధ్రదేశంలో ఎక్కువగా సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రలోహం నాణేలు వేశారు. తూర్పు తీరంలో దొరికే వారి సీసపు నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ కూడ ఉన్నది. వెండికి అలవాటుపడినది క్షత్రపుల పడమటి ప్రాంతం. ఆ ప్రాంతం చేతికి వచ్చిన తరువాత శాతవాహనులు కూడ ముఖం గల వెండి నాణెం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక చిత్రం ఉన్నది. నాసిక్ గుహలోని శాసనంలో గౌతమీ బాలశ్రీ తన కుమారుడైన గౌతమీపుత్రుని శకులను, యవనులను, పహ్లవులను నాశనం చేసినవాడని పొగిడింది. ఆమె తరువాతి తరంవారు ఆ శకుల నాణెపు రీతినే స్వీకరించారు. స్వీకరించినది నాణెం ఒక్కటే కాదు. వాసిష్ఠీపుత్ర శాతకర్ణి క్షత్రపుల ఇంటి పిల్లను పెండ్లాడాడు. ఆ రాణి కార్దమక వంశపు రాజకుమార్తె అని, మహాక్షత్రపుని కూతురని కన్హేరి గుహలోని శాసనం చెబుతున్నది. ఆ మహాక్షత్రపుడు రుద్రదాముడని పండితుల నిర్ణయం. క్రీ.శ. 150 నాటి గిర్నార్ శాసనంలో రుద్రదాముడు దక్షిణాపథపతి శాతకర్ణిని రెండు పర్యాయాలు ఓడించి కూడ దగ్గరి సంబంధం వలన విడిచిపెట్టానని చెప్పుకొన్నాడు. వియ్యమూ కయ్యమూ ఒకే ఇంటితో నడిచాయి. ఆ ఇంటి అల్లుడైన వాసిష్ఠీపుత్ర శాతకర్ణి నాణేలే రెండు భాషల నాణేలలో ముఖ్యమైనవి. పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి మొదలైనవారు కూడ ఇట్టి నాణేలు వేయించారు.

ముందువైపు రాజు కుడివైపుకు తిరిగి ఉంటాడు. చుట్టూ బ్రాహ్మీ లిపిలో “రఞో వాసిఠిపుతస సిరి సాతకణిస” అని ఉంటుంది. రాజైన వాసిష్ఠీపుత్ర శ్రీ శాతకర్ణిది అని అర్థం. వెనుకవైపు క్షత్రపుల గుర్తులు కావు, శాతవాహనుల సొంత గుర్తులు ఉన్నాయి. ఉజ్జయిని చిహ్నం, వంపుల కొండ, దాని కింద ఏటి అలవంటి గీత. వాటి చుట్టూ ఉన్న మాటలను పండితులు ఇట్లు చదివారు: “అరహణకు వాహిట్టి మకణకు తిరు హాతకణికు”.

ఈ మాటలను చదవడం సులభం కాలేదు. ఇట్టి నాణేన్ని వేసేటప్పుడు అచ్చును తలకిందులుగా, అద్దంలో కనబడినట్లుగా చెక్కవలెను. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్య వేడిచేసిన వెండి బిళ్ళ. పైనుండి ఒక్క సుత్తి దెబ్బ. దెబ్బ కొంచెం పక్కకు పడినా అక్షరాలలో సగం బిళ్ళ దాటిపోతాయి. అందువలన ఒక్క నాణెం మీద పూర్తి వాక్యం దొరకడం అరుదు. 1882లో భగవాన్‌లాల్ ఇంద్రాజీ బొంబాయి దగ్గరి సోపారా స్తూపాన్ని తవ్వినప్పుడు, ధాతువులు ఉంచిన భరిణెలో యజ్ఞశ్రీ వెండి నాణెం ఒకటి దొరికింది. ముందువైపు చదవగలిగారు. వెనుకవైపు చిక్కుపెట్టింది. శాతవాహనుల శాసనాలు దాదాపు అన్నీ ప్రాకృతంలో ఉన్నాయి కాబట్టి ఇది కూడ ప్రాకృతమే అయి ఉంటుందని భావించారు. బ్రిటిష్ మ్యూజియం నాణేల పట్టికను 1908లో ప్రకటించిన రాప్సన్ కూడ దానిని ప్రాకృతంలోనే వేరొక మాండలికమని తలచాడు.

ఆ తరువాత మరికొన్ని నాణేలు దొరికాయి. ఒకదానిపై తెగిన అక్షరం ఇంకొకదానిపై నిలిచింది. అన్నింటినీ పక్కపక్కన పెట్టి చదివిన పండితుల చెవికి ఒక చిన్న ధ్వని తగిలింది. ముందువైపు ముఖ్యమైన మాటలు “స”తో ముగిశాయి. వెనుకవైపు ముఖ్యమైన మాటలు “కు”తో ముగిశాయి. రాజుకు, కొడుకుకు, శాతకర్ణికి. తమిళంలో అరసనుక్కు, మగనుక్కు. ఇంట తెలుగు, వీధిలో తమిళం వినే పిల్లవానికి ఈ “కు” కొత్త కాదు. ప్రాకృతంలో మాత్రం అటువంటి విభక్తి లేదు.

తక్కిన మాటలు కూడ క్రమంగా విడివడ్డాయి. అరహణ అన్నది అరసన్, అంటే రాజు. వెనుకవైపున సకారం వచ్చే చోట హకారం వచ్చింది. సాతకణి హాతకణి అయినాడు, వాసిఠి వాహిట్టి అయినది. మకణ అన్నది మగన్, తమిళంలో కుమారుడు. తెలుగులో ఈ మాటకు కొడుకు అనే అర్థం నిలువలేదు. అయినా మగ, మగవాడు, మగడు అనే మాటలు దాని తోబుట్టువులే. తిరు అన్నది శ్రీకి మారుగా వచ్చిన మాట. తిరుపతిలోను, తిరునల్వేలిలోను ఉన్నది అదే.

మరి అది ఏ భాష? తమిళనాడు పురావస్తు శాఖను నడిపిన ఆర్. నాగస్వామి మొదలైనవారు తమిళమన్నారు. ఆంధ్ర పండితులలో కొందరు తొలినాటి తెలుగన్నారు. రెండు భాషలూ ఇంకా ఇంత దూరం జరగని కాలపు ద్రావిడ భాష అని మరికొందరి మాట. మగన్, తిరు అనే మాటల వలన తమిళ పక్షానికి బలం ఎక్కువ ఉన్నదని ఒప్పుకొనక తప్పదు. కాని నాణెం చెల్లిన రాజ్యం దక్కనులోనిది, ఆంధ్రదేశంలోనిది. పూర్తిగా తెలుగులో వ్రాసిన తొలి శాసనాలలో ఒకటైన కడప జిల్లా కలమళ్ళ శాసనం క్రీ.శ. 575 ప్రాంతపుది, అంటే ఈ నాణేనికి నాలుగు వందల సంవత్సరాల తరువాతది. అంతకు ముందరి తెలుగు వాక్యం ఎట్లుండెనో పోల్చి చూడడానికి ఆధారాలు బహు తక్కువ. వాదం తెగకపోవడానికి అసలు కారణం అదే. భాష ఏదైనను ఒక సంగతి మాత్రం నిశ్చయం. ప్రాకృతం రాజసభ భాష, శాసనాల భాష. దానితో సమానంగా ఇంకొక భాషకు రాజు వెండి మీద చోటు ఇచ్చాడు. ఆ భాష మాట్లాడే ప్రజలు ఆ రాజ్యంలో లెక్కలోకి తీసుకోవలసినంత మంది ఉండి ఉంటారు.

ఇంతకూ ఆ వెండి ఎక్కడిది? మన దేశంలో వెండి గనులు తక్కువ. ఆ కాలంలో రోమునుండి ఓడలలో వచ్చిన డెనారియస్ అనే వెండి నాణేలను కరిగించి క్షత్రపులు తమ నాణేలు వేశారని కొందరు పరిశోధకుల అభిప్రాయం. ఏటా ఐదు కోట్ల సెస్టర్సుల ధనం భారతదేశానికి పోతున్నదని రోము రచయిత ప్లినీ వాపోయాడు. మిరియాలు, ముత్యాలు, సన్నని బట్టలు ఇక్కడినుండి పోయినవి. కార్తేజ్‌ను కూల్చిన ఆ రోము వెండే ఇక్కడికి వచ్చింది. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఒక్కచోటనే 1,531 రోము వెండి నాణేలు దొరికాయి. కోయంబత్తూరు ప్రాంతంలో దొరికినవి ఇంకా ఎక్కువ. డెనారియస్ మన భాషలలో దీనారమైనది. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనంలో దీనారి మాషకములను దానమిచ్చిన సంగతి ఉన్నది.

చేర రాజులు రోము వెండిని వేరొక విధంగా వాడుకొన్నారు. కరూరులో అమరావతి నది ఇసుకలో దొరికిన చేరుల వెండి నాణేల మీద రోము చక్రవర్తిని పోలిన ముఖం ఉన్నది. దాని పైన తమిళ బ్రాహ్మీ లిపిలో మాక్కోదై అని రాజు పేరు. కోదై అంటే పూలదండ. ఈ కోదై అనే మాటను మంసాపురం పిల్లలు పక్కనే ఉన్న శ్రీవిల్లిపుత్తూరులో విన్నారు. ఆండాళ్ పేరు కోదై, తెలుగులో గోదాదేవి. ఆమె కథనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో తెలుగు చేశాడు. చేర రాజు నాణెం మీద కూడ ముఖం పరాయిది, మాట తనది.

ఇట్టి నాణేలు ఎక్కువగా దున్నేటప్పుడు, బావి తవ్వేటప్పుడు, ఏటి ఇసుక తీసేటప్పుడు బయటపడతాయి. దొరికినవాడు వాటిని చెప్పకుండ కంసాలి కొలిమిలో కరిగిస్తే రెండు గ్రాముల వెండి మిగులుతుంది. 1878లో చేసిన నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన పది రూపాయలకు మించిన విలువ గల నిధిని గురించి జిల్లా కలెక్టరుకు తెలుపవలెను. జోగల్‌తంబి కుండను పూర్తిగా కరిగించి ఉంటే నహపాణుని ఓటమికి అంత స్పష్టమైన సాక్ష్యం ఉండేది కాదు. సోపారా భరిణెలోని నాణెం ఒక్కటే మిగిలి ఉంటే, దాని వెనుకవైపు మాట ఇప్పటికీ ప్రాకృతమనే లెక్కలో ఉండేది.